పానశాలలో ప్రభువు బల్ల

తెలుగు క్రైస్తవ సంఘాల్లో ‘సహవాసం’ అనే మాటకు స్థిరపడిన అర్థం ఒకటి ఉంది. ఆదివారపు ఆరాధన క్రమానికి వెలుపల విశ్వాసులు ఒకచోట చేరి, వాక్యం చదువుకొని, కీర్తనలు పాడుకొని, ఒకరి కష్టసుఖాలు ఒకరు విని, చివరకు టీ బిస్కెట్లతోనో భోజనంతోనో ముగించే కూడికను ఆ పేరుతో పిలుస్తారు. అమెరికా, బ్రిటన్ దేశాల్లో కొన్ని సంఘాలు ఇదే సహవాసాన్ని బార్లలోనూ, బీరును అక్కడికక్కడే తయారుచేసి అమ్మే బ్రూవరీల్లోనూ జరుపుతున్నాయి. టీ కప్పు ఉండవలసిన చోట బీరు గ్లాసు ఉండటమే అందరికీ ముందుగా కనిపిస్తుంది గనుక, సమర్థించేవారూ ఖండించేవారూ కూడా ఆ గ్లాసు చుట్టూనే వాదులాడుకుంటారు. ఆ వాదులాటలో ఎవరూ అంతగా పట్టించుకోనిది కూర్చునే తీరు. ప్రసంగ వేదికకు ముఖం పెట్టి వరుసలు కట్టిన బెంచీల మీద నుంచి లేచి, నలుగురు ఎదురెదురుగా కూర్చునే బల్ల దగ్గరకు మనుషులు జరిగారు. ఈ కూడికల చరిత్రను కొంత వెనక్కి వెళ్లి చూస్తే, గ్లాసు కథ పాతదేననీ, బల్ల కథే ఆలోచించదగినదనీ అనిపిస్తుంది.

ముందుగా బార్ అనే మాట గురించి ఒక వివరణ అవసరం. వైన్ షాపు, దాని పక్కన పర్మిట్ రూమ్, లోపల ఏముందో కనిపించకుండా తెర కట్టిన తలుపు, ఆడవాళ్లు తల తిప్పుకొని దాటిపోయే గుమ్మం – తెలుగు ఊళ్లలో ఈ మాట వినగానే మనసులో మెదిలేది ఇది. ఇంగ్లండులో పబ్ అనేది ‘పబ్లిక్ హౌస్’ అనే మాటకు పొట్టి రూపం; ఊరందరిదీ అయిన ఇల్లు అని దాని అర్థం. అమెరికాలోని నేటి బ్రూవరీలు కూడా చాలావరకు ఆ స్వభావం కలవే. పాత గిడ్డంగినో కర్మాగారపు షెడ్డునో బాగుచేసుకొని, గాజు గోడ వెనుక ఉక్కు తొట్లు కనిపించేలా అమర్చి, ముందు భాగంలో పొడవాటి బల్లలు వేస్తారు. చంటిపిల్లల బండ్లు, పెంపుడు కుక్కలు, చదరంగపు బల్లలు అక్కడ మామూలు దృశ్యం. మద్యం ముట్టనివారు సోడాతోనో కాఫీతోనో సాయంత్రమంతా గడపవచ్చు. హైదరాబాదులో ఇటీవలి సంవత్సరాల్లో వెలసిన మైక్రోబ్రూవరీలు చూసినవారికి ఈ వాతావరణం కొంత ఊహకు అందుతుంది.

ఈ ధోరణికి ఒక పేరూ ఒక పద్ధతీ ఇచ్చినవారు కతోలికులు. 1981లో షికాగో అగ్రపీఠం, అంటే ఆర్చిబిషప్ పాలనలోని ప్రాంతం, పరిధిలో ఉన్న ఆర్లింగ్టన్ హైట్స్ అనే శివారు పట్టణంలో ఫాదర్ జాన్ క్యూసిక్, ఫాదర్ జాక్ వాల్ అనే ఇద్దరు గురువులు ఇరవైలు, ముప్ఫైల వయసు యువతీయువకుల కోసం ‘థియాలజీ ఆన్ ట్యాప్’ అనే వేసవి ఉపన్యాసాలు ప్రారంభించారు. బీరు పీపాకు బిగించే కుళాయిని ట్యాప్ అంటారు. కుళాయి తిప్పినంత సులువుగా దైవశాస్త్రం అందుతుందన్న చమత్కారం ఆ పేరులో ఉంది. కాలేజీ చదువు ముగిశాక, పెళ్లయి పిల్లలు పుట్టేలోగా, యువతరం విచారణ గుడికి దూరమైపోయే పది పన్నెండేళ్ల వ్యవధి ఒకటి ఉంటుందనీ, ఆ వ్యవధిలో వారిని పలకరించేవారు లేరనీ గుర్తించడం దీనికి మూలం. పద్ధతి చాలా సరళమైనది. ఒక వక్త అరగంటో ముప్పావుగంటో మాట్లాడతాడు, ఆ తరువాత గ్లాసులు నింపుకోవడానికి విరామం, ఆపైన ప్రశ్నలు. మొదట్లో గుడి ఆవరణల్లోనూ జరిగిన ఈ ఉపన్యాసాలు క్రమంగా బార్లకు వ్యాపించి, అమెరికాలోని అనేక మేత్రాసనాలకూ, ఇతర దేశాలకూ చేరాయి.

ఇక్కడ కతోలికులు ఒక గీత గీసుకున్నారు. కతోలిక ధర్మశాస్త్రంలోని 932వ సూత్రం ప్రకారం దివ్యసత్ప్రసాద బలిని అవసరం తప్పనిదైతే తప్ప పవిత్ర స్థలంలోనే అర్పించాలి. అందువల్ల బార్‌లో ఉపన్యాసం ఉంటుంది, ప్రార్థన ఉంటుంది, వాదన కూడా ఉంటుంది. దివ్యబలిపూజ మాత్రం ఉండదు. పానశాల వారికి గుడికి వెళ్లే దారిలో ఒక మజిలీ వంటిది.

ప్రొటెస్టంట్లలో కొందరు ఆ గీత దాటారు. టెక్సాస్ రాష్ట్రంలోని ఫోర్ట్‌వర్త్ నగరంలో జియో కార్లో అనే బ్రూపబ్‌లో ఒక లూథరన్ పాస్టరు ఆదివారం సాయంత్రాల్లో నడిపిన ‘చర్చ్ ఇన్ ఎ పబ్’ గురించి 2013లో అమెరికా జాతీయ రేడియో ఒక కథనం ప్రసారం చేసింది. అక్కడికి వచ్చినవారు పిజ్జా, బీరు తెప్పించుకొని, వాక్యం విని, అదే బల్లల దగ్గర రొట్టెను ద్రాక్షారసాన్ని పంచుకునేవారు. తెలుగు ప్రొటెస్టంట్లు ప్రభు సంస్కారాన్ని ‘ప్రభువు బల్ల’ అని కూడా అంటారు. ఆ బల్ల ఇక్కడ అక్షరాలా భోజనపు బల్ల అయింది. పక్క బల్ల దగ్గర ఆరాధనతో సంబంధం లేని మామూలు గిరాకీ కూర్చొని ఉండటం, వారిలో కొందరు చెవి ఇటు వేయడం ఇలాంటి చోట్ల సహజం. యజమానికి కూడా ఇందులో నష్టమేమీ లేదు: ఇలాంటి కూడికలు సాధారణంగా బేరం పలచగా ఉండే రాత్రుల్లో జరుగుతాయి, వచ్చినవారు అద్దె ఇవ్వకపోయినా ఏదో ఒకటి కొనుక్కుంటారు. 

ఇంగ్లండులో పాట ద్వారా ఇదే పని జరిగింది. 1974లో మొదలై ఏటా వేసవి చివర జరిగే గ్రీన్‌బెల్ట్ అనే క్రైస్తవ కళోత్సవంలో ‘జీసస్ ఆర్మ్స్’ అని చమత్కారంగా పేరుపెట్టిన బీరు గుడారం ఉంటుంది. ఫలానా ప్రభువుగారి పేరు చివర ‘ఆర్మ్స్’ తగిలించడం ఆంగ్ల పబ్‌ల నామకరణంలో పాత అలవాటు. అక్కడ వందలమంది గ్లాసులు చేతబట్టుకొని పాత కీర్తనలను గొంతెత్తి పాడే ‘బీర్ అండ్ హిమ్స్’ అనే కార్యక్రమం ప్రసిద్ధికెక్కి, అట్లాంటిక్ దాటి అమెరికా నగరాలకూ వెళ్లింది.

ఈ పాటల సభల్లో తరచు వినిపించే ఒక కథను ఇక్కడ సరిచేయడం మంచిది. ప్రొటెస్టంట్ సంస్కరణకు నాంది పలికిన మార్టిన్ లూథర్ తన కీర్తనలకు బార్లలో పాడే వరసలు వాడుకున్నాడని ఆ కథ చెబుతుంది. ఇది మాటల పొరపాటులోంచి పుట్టిందని సంగీత చరిత్రకారులు వివరిస్తారు. జర్మన్ పద్యరచనలో ‘బార్’ అనేది ఒక చరణ నిర్మాణం పేరు. మొదటి వరస ఒకసారి వచ్చి, అదే మళ్లీ వచ్చి, మూడో భాగంలో కొత్త వరస రావడం దాని లక్షణం. దేవుణ్ని కోటతో పోల్చే లూథర్ కీర్తన, తెలుగు లూథరన్ సంఘాల్లోనూ అనువాదంగా వినిపించేది, ఈ నిర్మాణంలోనే ఉంది. ఆ ‘బార్’ను తాగే బార్‌గా అర్థం చేసుకున్నవారు కథను అల్లుకున్నారు. లౌకిక వరసను లూథర్ అసలే ముట్టలేదని కాదు. 1535లో ఒక క్రిస్మస్ పాటను జానపద వరసకు కట్టి, 1539 నాటికి దానికి వేరే వరస సమకూర్చాడు.

అయితే లూథర్‌కు బీరుతో ఉన్న సంబంధానికి కట్టుకథల అవసరమే లేదు. 1521లో వోర్మ్స్ నగరంలో తన బోధలకు సంజాయిషీ చెప్పుకోవడానికి చక్రవర్తి ఎదుట నిలబడిన రోజుల్లో ఒక ప్రభువు అతడికి ఐన్‌బెక్ బీరు పంపాడన్నది ప్రసిద్ధమైన వృత్తాంతం. 1525లో అతడు పెళ్లాడిన మాజీ సన్యాసిని కతరీనా ఫాన్ బోరా విట్టెన్‌బర్గ్‌లోని పాత మఠాన్ని ఇల్లుగా చేసుకొని, అక్కడే బీరు తయారుచేస్తూ, డజన్లకొద్దీ విద్యార్థులకూ అతిథులకూ భోజనం పెట్టేది. ఆ భోజనపు బల్ల దగ్గర లూథర్ మాట్లాడిన మాటలను శిష్యులు రాసిపెట్టుకున్నారు. అవి అతడి మరణానంతరం 1566లో ‘టేబుల్ టాక్’గా పేరుపొందిన సంపుటిగా అచ్చయ్యాయి. వేదిక మీది ప్రసంగాలకు భిన్నంగా అందులో విసుగు, పరిహాసం, అనుమానం, కడుపునొప్పి అన్నీ ఉంటాయి. నేటి పానశాల కూడికలు వెతుక్కుంటున్న మాటతీరు దాదాపు అదే.

ఇంకా వెనక్కి వెళితే మద్యానికీ మఠానికీ మధ్య గోడే కనిపించదు. ఆరో శతాబ్దపు సెయింట్ బెనెడిక్ట్ నియమావళి నలభయ్యో అధ్యాయం సన్యాసికి రోజుకు ఎంత ద్రాక్షారసం చాలునో కొలత చెబుతుంది. బెల్జియంలోని ట్రాపిస్ట్ సన్యాసులు ఇవాళ్టికీ మఠం గోడల లోపల బీరు చేయిస్తూ, వచ్చిన లాభాన్ని మఠ పోషణకూ దానధర్మాలకూ వినియోగిస్తారు. మధ్యయుగాల ఇంగ్లండులోనైతే గుడి పెద్దలే ‘చర్చ్ ఏల్’ అనే జాతర నడిపేవారు. ఏల్ అంటే ఒక రకం బీరు. ఊరివారి దగ్గర బార్లీ పోగుచేసి, గుడి తరఫున బీరు కాచి, పండుగ రోజున అందరికీ అమ్మి, ఆ డబ్బుతో గుడి కప్పు బాగుచేయించేవారు, పేదలకు సాయం చేసేవారు. ఆంగ్లంలో పెళ్లికి సంబంధించిన ‘బ్రైడల్’ అనే మాట ‘బ్రైడ్ ఏల్’, అంటే పెళ్లి బీరు, నుంచి వచ్చిందంటే ఆ అలవాటు ఎంత లోతుగా పాతుకుపోయిందో ఊహించుకోవచ్చు. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో కఠిన నియమాల ప్రొటెస్టంట్లైన ప్యూరిటన్ల ఒత్తిడితో ఈ జాతరలు చాలాచోట్ల అణగారిపోయాయి.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ సంప్రదాయానికి అందరూ చూపే ఉదాహరణ ఆక్స్‌ఫర్డ్‌లోని ‘ఈగిల్ అండ్ చైల్డ్’ పబ్. రచయితలు సి.ఎస్. లూయిస్, జె.ఆర్.ఆర్. టోల్కీన్, వారి మిత్రులు ‘ఇంక్లింగ్స్’ అనే పేరుతో మంగళవారాలు అక్కడి వెనుక గదిలో కలుసుకునేవారు. అయితే వారు రచనలు చదివి వినిపించుకున్నది ఎక్కువగా గురువారం రాత్రుల్లో, మోడ్లిన్ కాలేజీలోని లూయిస్ గదుల్లో. 1931 సెప్టెంబరులో లూయిస్‌ను క్రైస్తవ విశ్వాసం వైపు తిప్పిన సుదీర్ఘ సంభాషణ జరిగిందేమో ఆ కాలేజీ తోటలోని నడకదారిలో. పబ్ చేసిన మేలు మరొకటి: ఏ పనీ పెట్టుకోకుండా వారం వారం అదే మనుషులను అదే చోట కూర్చోబెట్టింది.

అలాంటప్పుడు చర్చికీ పానశాలకూ పడదన్న భావన ఎక్కడిది? దాని రూపం చాలావరకు పంతొమ్మిదో శతాబ్దపు మద్యనిషేధ ఉద్యమంలో తయారైంది. పరిశ్రమలు పెరిగిన నగరాల్లో చవక సారాయి కుటుంబాలను కూల్చడం కళ్లారా చూసిన మెథడిస్టులు, బాప్టిస్టులు, అన్నిటికంటే మించి మహిళలు, ఈ పోరాటానికి దిగారు. 1865లో విలియం బూత్ అనే బోధకుడు లండన్ వైట్‌చాపెల్‌లోని ‘బ్లైండ్ బెగర్’ అనే పబ్ బయట నిలబడి బోధించాడు. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ కథ అక్కడే మొదలవుతుంది. గుమ్మం లోపలికి కాక బయట నిలబడటంలో ఆ యుగపు వైఖరి అంతా ఉంది. 1874లో అమెరికాలో మహిళా క్రైస్తవ మద్యనిరోధ సంఘం ఏర్పడింది. 1920 నుంచి 1933 వరకు ఆ దేశం మద్యనిషేధాన్ని రాజ్యాంగంలోనే రాసుకొని చూసింది.

ఈ కథలో తెలుగు భాషకు సంబంధించిన ఒక ముచ్చట ఉంది. 1869లో న్యూజెర్సీ రాష్ట్రంలోని వైన్‌ల్యాండ్‌లో థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు, తన మెథడిస్టు సంఘంలో సంస్కారం సిద్ధంచేసే బాధ్యత ఉన్నవాడు, పాశ్చర్ కనుగొన్న పద్ధతిలో ద్రాక్షరసాన్ని వేడిచేసి పులియకుండా నిలవ చేయగలిగాడు. దానికి ఆయన పెట్టిన పేరు ‘పులియని వైన్’. సంస్కారపు గిన్నెలో వైన్ ఉండి తీరాలన్న సంప్రదాయాన్నీ, అది మత్తు ఇవ్వకూడదన్న పట్టుదలనూ ఆ ఒక్క పేరులో కుదిర్చాడు. ఆ చిక్కు తెలుగు సంఘాలకు ఎదురుకాలేదు. తెలుగు బైబిలులో వైన్‌కు వాడిన ‘ద్రాక్షారసము’ అనే మాట పులిసినదానికీ పులియనిదానికీ సమానంగా సరిపోతుంది. కానా పెళ్లిలో యేసు నీళ్లను దేనిగా మార్చాడో తెలుగులో చదివే విశ్వాసి, పండ్లరసం అనుకున్నా, వైన్ అనుకున్నా, మాట అడ్డురాదు. అనేక తెలుగు ప్రొటెస్టంట్ సంఘాల్లో సంస్కారానికి పులియని ద్రాక్షరసమే వాడటం వల్ల మొదటి అర్థమే మనసుల్లో స్థిరపడింది. కడుపు జబ్బు కోసం ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమని తిమోతికి పౌలు ఇచ్చిన సలహా తెలుగు ప్రసంగాల్లో ఇబ్బంది పెట్టకుండా గడిచిపోవడానికి ఈ మాట కొంత కారణం కావచ్చు.

బీరును సహజంగా చూసిన లూథరన్లు, మద్యనిషేధానికి పోరాడిన బాప్టిస్టులు – తెలుగు నేలకు వచ్చిన మిషనరీల్లో ఈ రెండు పాయలూ ఉన్నాయి. 1842లో గుంటూరు చేరిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన లూథరన్; ఒంగోలు ప్రాంతంలో 1878లో ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగిన ఉద్యమం జాన్ క్లౌ నాయకత్వంలోని అమెరికన్ బాప్టిస్టులది. ఫోర్ట్‌వర్త్ పాస్టరుకూ గుంటూరు లూథరన్ పాస్టరుకూ విశ్వాస ప్రమాణం ఒకటే. అయినా గుంటూరు జిల్లాలో ఏ పాస్టరుగారైనా వచ్చే ఆదివారం కూడిక బార్‌లో అని ప్రకటిస్తే ఆయనను ఆ సంఘపు స్త్రీలే ముందుగా నిలదీస్తారు, అందుకు వారికి బైబిలు వచనంతో పని ఉండదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న స్త్రీలు సారా దుకాణం మూయించిన సంగతి, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు – ఇవన్నీ ఇంకా బతికి ఉన్నవారి జ్ఞాపకాలు. కూలి డబ్బులు దుకాణంలో పోసి వచ్చిన భర్తను చూసిన కంటికి ఆంగ్ల పబ్ చరిత్ర ఎంత వివరించినా ఎక్కదు, ఎక్కనక్కరలేదు కూడా.

అమెరికాలోనూ ఈ అభ్యంతరం బలంగానే ఉంది. మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో ‘ది జర్నీ’ అనే సంఘం ష్లాఫ్లీ బాటిల్‌వర్క్స్ బ్రూవరీలో నెలనెలా చర్చాసభలు జరిపింది. ఆ సంఘానికి భవనం కోసం అప్పు ఇచ్చిన రాష్ట్ర బాప్టిస్టు సమాఖ్యలో 2007లో ఇది పెద్ద వివాదమైంది. అంతకు ముందటి ఏడాదే, ఆ సమాఖ్య భాగమైన సదరన్ బాప్టిస్టు శాఖవారు మద్యం తయారీని, పంపిణీని, సేవనాన్ని పూర్తిగా వ్యతిరేకిస్తూ తీర్మానం చేసి ఉన్నారు. 

ఇంత వ్యతిరేకత ఉన్నా పాస్టర్లు బ్రూవరీ తలుపు తట్టడానికి కారణం అంకెల్లో ఉంది. గ్యాలప్ సంస్థ లెక్కల ప్రకారం ఏదో ఒక ప్రార్థనామందిరంలో సభ్యత్వం ఉన్న అమెరికన్లు 1999లో 70 శాతం. 2020లో 47 శాతం. ఈ లెక్కలు తీయడం మొదలయ్యాక సగానికి దిగువకు పడిపోవడం అదే తొలిసారి. మరోవైపు 1978లో ఆ దేశంలో వంద కూడా లేని బ్రూవరీలు ఇప్పుడు తొమ్మిది వేలు దాటాయి. రే ఓల్డెన్‌బర్గ్ అనే సమాజ శాస్త్రవేత్త 1989లో రాసిన పుస్తకంలో ఇల్లూ కాని, పనిచేసే చోటూ కాని కలయిక స్థలాలను ‘మూడో చోటు’ అన్నాడు. తెలుగు ఊళ్లలో రచ్చబండ, టీ కొట్టు చేసే పని అది. అమెరికా శివారుల్లో చాలామందికి ఆ మూడో చోటు ఒకప్పుడు చర్చి. ఇప్పుడు బ్రూవరీ.

పిట్స్‌బర్గ్ నగరంలో ఈ మార్పు కొయ్యలోనే చెక్కి ఉంది. 1902లో కట్టిన సెయింట్ జాన్ ది బాప్టిస్ట్ కతోలిక గుడి 1993లో మూతబడగా, 1996లో అది ‘చర్చ్ బ్రూ వర్క్స్’ అనే బ్రూవరీగా తెరుచుకుంది. బలిపీఠం ఉండిన చోట, నీలిరంగు వేసిన అర్ధగోళాకారపు గోడ ముందు, బీరు తొట్లు మెరుస్తూ నిలబడి ఉంటాయి. విశ్వాసులైన కతోలికులకు అది బాధ కలిగించే దృశ్యమే. అయితే అక్కడ బెంచీల సంగతి ఇంకా ఆసక్తికరం. ఒకే దిక్కు చూస్తూ బారులు తీరిన పొడవాటి ఓకు బెంచీలను పొట్టిగా కోసి, బల్లకు అటొకటి ఇటొకటి ఎదురెదురుగా వేశారు. కోయగా మిగిలిన చెక్కతో బార్ బల్ల తయారైంది. ఒకప్పుడు ముందువారి వీపు చూస్తూ కూర్చున్న బెంచీ మీదే ఇప్పుడు ఎదుటివారి ముఖం చూస్తూ కూర్చుంటారు.

పానశాల కూడికలకు వచ్చేవారిని ఆకర్షించేది ఈ ఎదురుబొదురుతనమే అనుకోవడానికి ఆధారాలు ఉన్నాయి. చర్చిలో ప్రసంగం మధ్యలో చేయెత్తి ప్రశ్న అడగడం మర్యాద కాదు. బార్ బల్ల దగ్గర అడగకుండా కూర్చోవడమే వింత. దేవుడు లేడేమోనన్న అనుమానాన్ని గుడి గోడల మధ్య పైకి చెబితే ప్రార్థన అభ్యర్థనల పట్టికలో పేరు చేరుతుంది. ఇక్కడ దానికి జవాబుగా మరొకరి అనుమానం వినిపిస్తుంది. నచ్చకపోతే గ్లాసు ఖాళీ చేసి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా లేచి పోవచ్చు. తెలుగు సంఘాల్లో వారం మధ్య ఇళ్లలో చాపలు పరిచి జరుపుకునే గృహకూడికల్లో ఈ గుణం కొంత ఉన్నా, అక్కడ ఇల్లు ఒకరిది, వచ్చినవారు అతిథులు; పానశాలలో పాస్టరు కూడా అతిథే.

కానీ ఆ బల్ల దగ్గరకు రాలేనివారు కొందరున్నారు, వారి విషయం ఈ కూడికల ప్రచారకులు తగినంత ఆలోచించలేదు. తాగుడు మానడానికి ఏళ్ల తరబడి కష్టపడుతున్న మనిషిని ప్రార్థన కోసం బార్‌కు రమ్మనడం ఎంత మెత్తగా చెప్పినా క్రూరత్వమే. అలాంటివారి కోసం 1935లో ఓహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో పుట్టిన ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ సమావేశాలు ఎంతోకాలంగా ఎక్కువగా చర్చి భవనాల్లోనే, ముఖ్యంగా వాటి నేలమాళిగల్లో, జరుగుతూ వచ్చాయి. ఒక అమెరికా పట్టణంలో మంగళవారం రాత్రి పాస్టరు, ఆయన యువ సభ్యులు బ్రూవరీలో బైబిలు తెరిచే వేళకు, వారు ఖాళీచేసి వచ్చిన చర్చి కింది గదిలో దీపాలు వెలుగుతూ ఉండవచ్చు. మెట్లు దిగితే అక్కడ వేదిక ఉండదు, ప్రసంగీకుడు ఉండడు. గుండ్రంగా వేసిన మడత కుర్చీలు, మూలన పెద్ద కాఫీ పాత్ర, ఇంటిపేరు లేకుండా తన పేరు చెప్పుకొని మాట్లాడటం మొదలుపెట్టే ఒక మనిషి, అడ్డురాకుండా వినే పదిమంది ఉంటారు.